ఓడినవాడు రాసిన అంకె

ఆన్‌లైన్ చారిటీ వేలంలో గెలిచినవాడి పేరు పేపర్లో పడుతుంది. ధరను అక్కడిదాకా తోసినవాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. వారెన్ బఫెట్‌తో భోజనం కోసం జరిగిన వేలాల లెక్కల్లో అతని జాడ దొరికింది.

ఎడిటర్ గారు పని చెప్పేటప్పటికే ముఖచిత్రం సిద్ధమైపోయింది. ల్యాప్‌టాప్ ముందు చెమటలు కక్కుతూ ఓ మనిషి, వెనక గోడ మీద పెద్ద గడియారం. "ఆన్‌లైన్‌లో చారిటీ వేలం పాడేవాళ్ల టెన్షన్ మీద కవర్ స్టోరీ. మంగళవారం మధ్యాహ్నానికి పేజీలు వెళ్లిపోవాలి. చివర్లో పాఠకులకు ఓ పది చిట్కాలు కూడా ఇవ్వండి" అన్నారు. చిట్కాలంటే నాకు మొదట్నుంచీ పడదు. వేలం పాటలో దిగినవాడి చెవికి చిట్కా ఎక్కేదే అయితే ఆ వ్యాపారం ఏనాడో మూతపడి ఉండేది.

సరే, మానసిక శాస్త్రవేత్తల పరిశోధనలు ముందేసుకుని కూర్చున్నాను. వాటి మధ్యలో ఓ పట్టిక కంటబడింది. అందులో ఉన్నవల్లా ఏడాది, ఆ ఏడు పాట ఆగిన మొత్తం. అంతే. మిగతా కాగితాలన్నీ పక్కకు జరిగిపోయాయి.

అమెరికా పెట్టుబడి దిగ్గజం వారెన్ బఫెట్‌తో కలిసి భోంచేసే అవకాశాన్ని ఈబే వెబ్‌సైటులో వేలానికి పెట్టేవారు. ఆ వచ్చిన డబ్బంతా శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లైడ్ ఫౌండేషన్‌కు వెళ్లేది. పట్టికలోని మొదటి వరసలు చూడండి, డాలర్లలో.

2003: 2,50,100
2004: 2,02,100
2005: 3,51,100
2006: 6,20,100
2007: 6,50,100
2008: 21,10,100

ఆరేళ్లు వరసగా చివర నూరే. మనవాళ్లెవరికైనా మొదట తట్టేది నూటపదహార్లే. శుభమా అని ఇస్తూ సున్నాతో ఎలా ముగిస్తాం, పైన కొంచెం వేద్దాం అనే మర్యాద. ఒమాహా పెద్దాయన బఫెట్‌కు కూడా మన కట్నం చదివింపుల పద్ధతి తెలుసా అనిపించింది ఒక్క క్షణం. కానీ ఆ నూరు పాడినవాళ్లు వేసింది కాదు, యంత్రం వేసింది. ఈబేలో ధర అయిదు వేల డాలర్లు దాటాక కనీస పెంపు నూరు డాలర్లు. కథంతా ఆ నూరు దగ్గరే మొదలవుతుంది.

అసలు ఈబేలో పాట పాడటం మన ఊరి రచ్చబండ దగ్గర పాడినట్టు ఉండదు. మీరు ఎంతవరకు పోగలరో ఆ మొత్తాన్ని ముందే యంత్రానికి రహస్యంగా చెప్తారు. అది మీరు బజారుకు పంపిన నమ్మకస్తుడైన గుమాస్తాలాంటిది. ఇరవై లక్షల దాకా పెట్టమని పంపారనుకోండి, అవతలివాడు పదహారు దగ్గర ఆగితే మీవాడు పదహారు లక్షల నూరుకు తెచ్చి మీ చేతిలో పెడతాడు. మిగతా నాలుగు లక్షల సంగతి ఎవరికీ చెప్పడు. అంటే మీరు చెల్లించే ధర మీ మనసులో ఉన్న మొత్తం కాదు, ఓడినవాడి మనసులో ఉన్న ఆఖరి మొత్తం. దాని మీద మహా అయితే నూరు డాలర్లు.

ఇప్పుడు మళ్లీ పట్టిక చూడండి. 2007లో 6,50,100 అంటే, ఎవరో ఒకరు ఆరున్నర లక్షల డాలర్ల దగ్గర నిలబడి ఉన్నారన్నమాట. గెలిచిన జట్టు పేర్లు లోకానికి తెలుసు, ముంబైలో పుట్టిన మోనిష్ పబ్రాయ్, ఆయన స్నేహితుడు గై స్పియర్. ఆ ఆరున్నర లక్షల మనిషి ఎవరో తెలియదు. 2008లో హాంకాంగ్ ఫండ్ మేనేజర్ ఝావో డాన్‌యాంగ్ 21 లక్షల పైచిలుకు కట్టి చరిత్రకెక్కాడు. ఆయన్ని అక్కడిదాకా ఎక్కించినవాడు 21,10,000 దగ్గర చేతులెత్తేసి ఎటో వెళ్లిపోయాడు. ముందు ఏడాదికి మూడింతలు. ఎవరా పిచ్చివాడు? పళ్ల మధ్య పెదవి బిగించి స్క్రీను చూస్తూ కూర్చున్న ఆ రెండో మనిషి మీదే నాకు ఆసక్తి. ముఖచిత్రం మీద చెమటలు కక్కుతున్న మనిషి నా లెక్కలో అతనే.

ఇక్కడ చరిత్ర కొంత చెప్పాలని డెస్కు ఆజ్ఞ, కాబట్టి గబగబా. బాబిలోన్‌లో పెళ్లికూతుళ్లను వేలం వేసేవారని హెరోడోటస్ రాశాడు. క్రీస్తు శకం 193లో రోము చక్రవర్తి అంగరక్షకులు ఏకంగా సామ్రాజ్యాన్నే వేలానికి పెడితే డిడియస్ జూలియానస్ పాడుకున్నాడు, 66 రోజులకు తల పోగొట్టుకున్నాడు. లండన్‌లో సోథబీస్ 1744లో, క్రిస్టీస్ 1766లో మొదలయ్యాయి. 1995లో పియర్ ఒమిడ్యార్ కాలిఫోర్నియాలో ఓ వెబ్‌సైటు తెరిచి, పాడైపోయిన లేజర్ పాయింటర్‌ను అమ్మకానికి పెడితే 14 డాలర్ల 83 సెంట్లకు ఎవరో కొన్నారు. అదే తర్వాత ఈబే అయింది. బఫెట్ భోజనం వేలం 2000లో మామూలు పద్ధతిలోనే మొదలైంది, మొదటి మూడేళ్లూ పాతిక వేల డాలర్ల చుట్టూనే తిరిగింది. 2003లో ఈబేకు ఎక్కించగానే పదింతలైంది. చరిత్ర అయిపోయింది.

గ్లైడ్ గురించి మాత్రం నాలుగు మాటలు ఓపిగ్గా చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున టెండర్‌లాయిన్ అనే పేట ఉంది. ఇల్లూ వాకిలీ లేనివాళ్లు, మత్తుకు బానిసలైనవాళ్లు ఫుట్‌పాత్‌ల మీద బతికే చోటు. అక్కడి చర్చి పాస్టర్ సిసిల్ విలియమ్స్, ఆయన భార్య, కవయిత్రి జానిస్ మిరికిటానీ కలిసి పెంచిన సంస్థ ఇది. రోజూ పూటపూటా ఉచితంగా అన్నం పెడతారు. బఫెట్ మొదటి భార్య సూజన్ అక్కడ స్వచ్ఛందంగా పనిచేసేవారు, ఆయనకు గ్లైడ్‌ను పరిచయం చేసింది ఆవిడే. 2004లో ఆమె చనిపోయాక కూడా ఆయన ఈ వేలం మానలేదు. న్యూయార్క్‌లోని స్మిత్ అండ్ వొలెన్‌స్కీ అనే స్టేక్ హోటల్లో భోజనం. గెలిచినవాళ్లను వెంట ఏడుగురిని తెచ్చుకోనిచ్చేవారు. ఏదైనా అడగనిచ్చేవారు, ఇప్పుడు ఏ షేర్లు కొంటున్నారు, ఏవి అమ్ముతున్నారు అని మాత్రం అడగనిచ్చేవారు కాదు. అంటే ఆయన్ని కలిసిన ప్రతివాడూ అడగాలనుకునేది ఒక్కటే నిషిద్ధం. అయినా 21 వేలాల్లో గ్లైడ్‌కు 5.3 కోట్ల డాలర్లు వచ్చాయి.

ఇక టెన్షన్ సంగతి. ఈ వేలం ఆదివారం సాయంత్రం తెరిచి శుక్రవారం రాత్రి ఏడున్నరకు మూసేవారు, అదీ కాలిఫోర్నియా గడియారం ప్రకారం. న్యూయార్క్‌లో అప్పుడు రాత్రి పదిన్నర. బీజింగ్‌లో శనివారం ఉదయం పదిన్నర, మనకు శనివారం ఉదయం ఎనిమిది. పాతిక వేల డాలర్లతో మొదలు. ముందే స్తోమత చూపించి అనుమతి తెచ్చుకున్నవాళ్లనే పాడనిచ్చేవారు. అందరూ వచ్చి కూర్చుని ఒకరి ముఖాలు ఒకరు చూసుకోలేని పెళ్లిపందిరి అది. ఈబేలో మామూలుగా ఎదుటివాడి పేరు కూడా పూర్తిగా కనబడదు. రెండు అక్షరాలు, మధ్యలో మూడు చుక్కలు. ఆ చుక్కల వెనక ఉన్నది షాంఘైలో గేముల కంపెనీ యజమానో, టెక్సస్‌లో చమురు ఆసామీనో, లేక పక్క వీధిలో ఉండే మన బావగారో తెలిసే దారి లేదు.

ఈబేలో చాలామంది ఆఖరి నిమిషం దాకా ఎందుకు ఆగుతారు? అందరికీ తెలిసిన జవాబు, ముందే పాడితే ధర పెరిగిపోతుందని. హార్వర్డ్‌లో ఉండగా ఆల్విన్ రాత్ (2012లో అర్థశాస్త్రంలో నోబెల్ పంచుకున్నది ఈయనే), ఏక్సెల్ ఓకెన్‌ఫెల్స్‌తో కలిసి దీన్ని తేల్చేశాడు. అప్పట్లో అమెజాన్ కూడా వేలాలు నడిపేది. ఈబేలో గడువు అంటే గడువే, టంచనుగా మూతపడుతుంది. అమెజాన్‌లో మాత్రం చివర్లో ఎవరైనా పాడితే మరో పది నిమిషాలు పొడిగించేవారు. ఇద్దరి దగ్గరా అవే కంప్యూటర్లు, అవే పురాతన వస్తువులు. అయినా ఆఖరి క్షణంలో పడే పాటలు ఈబేలోనే చాలా ఎక్కువని 2002లో వాళ్లు చూపించారు. అంటే మనుషుల గుండె దడలో కొంత భాగం మనుషులది కాదు, నిబంధనది. మన దగ్గర "ఒకటోసారి, రెండోసారి" అని సాగదీసే పెద్దమనిషి లెక్క ప్రకారం అమెజాన్ పార్టీ. ఆ సాగదీతలో ఎంత దయ ఉందో నాకు ఈ పేపరు చదివాకే తెలిసింది.

ఇప్పుడు నా పట్టికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వరసకు వద్దాం.

2012: 34,56,789

మూడు నుంచి తొమ్మిది దాకా మెట్లు ఎక్కినట్టున్న అంకె. ఎవరో కావాలని పెట్టుకున్న మొత్తం అది, అనుమానం లేదు. కానీ యంత్రం ఎప్పుడూ రెండోవాడి మొత్తం మీద నూరే కదా వేస్తుంది, ఇంత ముచ్చటైన అంకె ఎలా తేలింది? ఒక్కటే దారి. గెలిచినవాడు పెట్టుకున్న హద్దే అది. రెండోవాడు తోసుకుంటూ తోసుకుంటూ వచ్చి సరిగ్గా ఆ హద్దుకు నూరు డాలర్ల లోపలికి చేరాడు. యంత్రం దగ్గర ఇక నూరు వేయడానికి జాగా లేదు. ఉన్నదంతా బయట పెట్టేసింది.

ఆ క్షణంలో రెండోవాడి స్క్రీన్ మీద ఏం కనబడి ఉంటుందో ఊహించండి. అప్పటిదాకా గుండ్రంగా నడుస్తున్న ధర ఒక్కసారి 34,56,789 అని చూపించింది. ఈబేలో చేయి తిరిగినవాడు ఎవడైనా ఇట్టే పట్టేస్తాడు, ఎదుటివాడి మూట అడుగు కనబడిందని. 34,56,889 కొడితే చాలు, పాట తనది. ముప్పై నాలుగున్నర లక్షల డాలర్ల దాకా వచ్చిన మనిషికి నూరు డాలర్లు ఒక లెక్కా? కొట్టలేదు. గడియారం అయిపోయిందా, భార్య వచ్చి ల్యాప్‌టాప్ మూసిందా, ఆ మెట్ల అంకె చూసి వీడెవడో పట్టుదల ఉన్నవాడు మళ్లీ వస్తాడని బెదిరాడా? వేలంలో టెన్షన్ అంటే నా దృష్టిలో ఇదీ. గెలిచినవాడి గుండె దడ కాదు, నూరు డాలర్ల దూరంలో ఆగిపోయిన వేలు. (ఇది నా ఊహాగానమే, ఈబే లెక్కల నుంచి వెనక్కి నడిచి కట్టిన కథ. కానీ లెక్క ప్రకారం రెండోవాడు అంత దగ్గర ఉండి తీరాలి.)

విచిత్రం ఏమిటంటే 2016లో మళ్లీ అదే మొత్తం, అంకె కూడా మారకుండా 34,56,789. రెండుసార్లూ గెలిచినవారు పేరు చెప్పలేదు. 2015లో చైనా గేముల కంపెనీ డేలియన్ జ్యూస్ అధినేత జూ యే కూడా మెట్ల అంకెకే గెలిచాడు, 23,45,678. 2019లో క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ 45,67,888 కట్టాడు. చివర మూడు ఎనిమిదులు. చైనావాళ్లకు ఎనిమిది కలిసొచ్చే అంకె. ఆయన కిడ్నీలో రాళ్లని చెప్పి ఆ భోజనాన్ని వాయిదా వేసుకుని, 2020 జనవరిలో ఒమాహాలో రాత్రి విందుగా ముగించాడు. ముచ్చటైన అంకె పెట్టుకున్నవాళ్లు భోజనం దాకా కూడా ఏదో ఒక ముచ్చట చేస్తూనే ఉంటారు.

ఇక టెడ్ వెష్లర్. 2010లో 26,26,311 డాలర్లకు ఎవరో అనామకుడు గెలిచాడు. 2011లో 26,26,411కు మళ్లీ ఓ అనామకుడు. సరిగ్గా నూరు తేడా. ఇద్దరూ ఒక్కరే. వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో హెడ్జ్ ఫండ్ నడుపుకునే వెష్లర్. రెండో ఏడాది ఎవరో కచ్చితంగా నిరుటి మొత్తం దగ్గర, లేదా దాని పైన నూరు లోపల నిలబడి ఉన్నారన్నది లెక్క. అంటే నిరుటి ధర తెలిసినవాడే, దాన్ని అందుకుంటే చాలనుకున్నవాడే అయి ఉండాలి. అతను ఓడిపోయాడు. వెష్లర్‌ను ఆ ఏడు సెప్టెంబర్‌లో బఫెట్ తన బెర్క్‌షైర్ హాథవేలో పెట్టుబడులు చూసే ఉద్యోగంలోకి తీసుకున్నాడు. రెండు భోజనాలకు కలిపి 52,52,722 డాలర్లు. ఉద్యోగం కోసం ఇంత కట్టినవాడు ఇంకొకడు ఉంటాడనుకోను, ఉంటే ఆదాయపు పన్నువాళ్లు ఊరుకోరు. ఆ రెండోవాడు ఆ నూరు వేసి ఉంటే అతనికి వచ్చేదా ఆ ఉద్యోగం? రాదు. అయినా ఆ ఆలోచన అతన్ని నిద్రపోనిచ్చి ఉండదని మాత్రం అనుకుంటున్నాను.

ఓడినవాడి నిద్ర గురించి సైన్సు కూడా కొంత చెప్పింది. 2008లో మారిషియో డెల్గాడో, ఎలిజబెత్ ఫెల్ప్స్, ఆండ్రూ షాటర్ తదితరులు న్యూయార్క్‌లో కొందరికి మెదడు స్కాన్ చేస్తూ వేలం ఆడించారు, అదే మనుషులతో లాటరీ కూడా ఆడించారు. లాటరీ పోతే మెదడు పెద్దగా పట్టించుకోలేదు. వేలంలో ఓడితే మాత్రం లాభనష్టాలను లెక్కేసే స్ట్రయేటమ్ అనే భాగం బాగా కుంగింది. ఎంత ఎక్కువ కుంగితే ఆ మనిషి అంత అడ్డగోలుగా పాడుతున్నాడు. దాంతో వాళ్లు ఇంకో చిన్న పరీక్ష చేశారు. గెలిస్తే బహుమతి ఇస్తామని కొందరికి, బహుమతి ముందే మీదైపోయింది, ఓడితే తిరిగి ఇచ్చేయాలని మరికొందరికి చెప్పారు. రెండోవాళ్లే ఎక్కువ పాడారు. గెలుపు మీద ఆశ కంటే ఓటమి మీద భయమే చేతిని నడిపిస్తుందన్నమాట. పల్లెటూళ్లో చేపల చెరువు పాట చూసినవాడెవడికైనా ఇది కొత్త సంగతి కాదు, కానీ స్కానులో చూపించారు కాబట్టి నమ్ముతున్నాం.

చారిటీ వేలంలో ఇంకో మెలిక ఉంది. మామూలు వేలంలో వెనక్కి తగ్గితే తెలివైనవాడివి. ఇక్కడ వెనక్కి తగ్గితే పిసినారివి. అన్నార్తుల కోసం జరిగే పాటలో "ఇంత పెట్టడం దండగ" అనుకోవడానికి మనసొప్పదు. పాడేటప్పుడు ఒక కన్ను వస్తువు మీద, ఒక కన్ను పరువు మీద.

మా పిన్ని కూతురు అమెరికాలో ఉంటుంది. వాళ్ల అబ్బాయి చదివే స్కూల్లో ఏటా నిధుల కోసం ఫోనులోనే వేలం పెడతారు. ప్రిన్సిపాల్ పక్కన పార్కింగ్, స్కూలు నాటకానికి ముందు వరస కుర్చీలు, అలాంటివి. పోయినేడు వీళ్ల తరగతి పిల్లలు వేలిముద్రలతో చేసిన బొంత ఒకటి పెట్టారట. ఒక్కో ముద్ర ఒక్కో పురుగు, రెక్కలు, కాళ్లు స్కెచ్ పెన్నుతో గీశారు. వీడి వేలు గొంగళి పురుగు.

"అన్నయ్యా, దాన్ని షాపులో ఎవరైనా ఇరవై డాలర్లకు ఇస్తానంటే వద్దనేదాన్ని. కుట్టు కూడా సరిగ్గా లేదు. కానీ ఫోను టింగుమన్నప్పుడల్లా, మిమ్మల్ని ఎవరో దాటేశారు అని వస్తుంది చూడు, వంట వదిలేసి పరుగెత్తేదాన్ని. ఎవరో నా పిల్లాడి వేలు పట్టుకుని లాక్కుపోతున్నట్టు ఉండేది" అంది.

"ఎంతదాకా వెళ్లావు?"

"నాలుగొందల ఇరవై. ఆయనకు చెప్పకు. చివర్లో నాలుగొందల ముప్పైకి ఎవరో పట్టుకుపోయారు. మర్నాడు పిల్లాణ్ని దింపడానికి వెళ్తే అక్కడున్న ప్రతి అమ్మ మీదా అనుమానమే."

"ఓడిపోయాక ఆ డబ్బు స్కూలుకు విరాళంగా ఇచ్చావా మరి?"

అటు వైపు కాసేపు నవ్వు. "ఇవ్వలేదు. ఇవ్వాలని తోచనే లేదు అన్నయ్యా. మన పని అయిపోయిందనుకున్నా."

ఇదే మాటను 2005లో ఒక అర్థశాస్త్ర పత్రిక చాలా సమీకరణాలతో చెప్పింది. జేకబ్ గోరీ మరో ముగ్గురు కలిసి రాసిన ఆ పేపరు పేరు కూడా తమాషాగా ఉంటుంది, చందాలు ఎలా వసూలు చేయాలో, ఎలా చేయకూడదో అని. వాళ్ల లెక్క ఇది: నేను మంచి పని జరగాలని కోరుకునేవాణ్ని అయితే, ఎదుటివాడు ఎక్కువ పాడి గెలిస్తే నాకూ సంతోషమే, డబ్బు నా జేబులోంచి పోకుండానే పుణ్యం జరిగిపోతుంది. కాబట్టి గెలిచినవాడొక్కడే కట్టే వేలం చారిటీకి అంత మంచి పద్ధతి కాదు. గెలిచినా ఓడినా పాడినంతా కట్టాల్సిన పద్ధతి, లేదా లాటరీ టిక్కెట్టు, ఎక్కువ రాబడుతుంది. కాగితం మీద తిరుగులేని వాదన. మా చెల్లెలు కట్టని నాలుగొందల ఇరవై డాలర్లే దానికి సాక్ష్యం.

కానీ మనుషులకు ఈ పద్ధతి చెప్పి చూడండి. ఓడిపోయి డబ్బు కట్టడమా! గ్లైడ్ కూడా ఆ జోలికి పోలేదు. గెలిచినవాడి డబ్బుతోనే సరిపెట్టుకుంది, అయితే ఆ డబ్బు ఎంతో తేల్చే పని మాత్రం ఓడినవాడి చేతిలో పెట్టింది. అతను పైసా ఇవ్వడు. అతని పేరు గోడ మీద చెక్కరు. అతనికి స్టేక్ ముక్క కూడా దక్కదు. కానీ అతను లేకపోతే ఆ భోజనం మళ్లీ పాతిక వేల డాలర్లకే పోతుంది. చారిటీ వేలాల్లో దాత ఎవరు అని నన్నడిగితే నా ఓటు అతనికే. ఎడిటర్ గారు దీనికి ఒప్పుకోలేదు. "కట్టనివాడు దాత ఎలా అవుతాడండీ?" అన్నారు. కావచ్చు. అయినా ఇక్కడ రాసేశాను.

2022 జూన్‌లో, రెండేళ్ల కొవిడ్ విరామం తర్వాత, ఇదే ఆఖరిదని చెప్పి పెట్టిన వేలంలో మొత్తం 1,90,00,100 డాలర్లకు చేరింది. అప్పటి మారకంలో దాదాపు 150 కోట్ల రూపాయలు. అంతకు ముందు రికార్డుకు నాలుగింతలు. బఫెట్‌కు అప్పుడు 91 ఏళ్లు. గెలిచినవారు పేరు బయటపెట్టలేదు. చివర నూరు చూశారుగా? కోటీ తొంభై లక్షల దగ్గర, అంతకు తక్కువ కాకుండా, ఎవరో ఒకరు నిలబడ్డారు. గెలిచినవాడికి ఖర్చయింది. ఆ రెండోవాడికి మాత్రం ఆ రాత్రి పదిన్నరకు, లేదా ఆ ఉదయం ఎనిమిదికి, ఒక్క డాలరు ఖర్చు లేకుండా 150 కోట్లు మిగిలాయి. అతను సంతోషించి ఉంటాడా, కుమిలిపోయి ఉంటాడా అన్నది డెల్గాడో స్కానుకే తెలియాలి.

చికాగో ఆవులు

1999 వేసవిలో చికాగో వీధుల్లో మూడొందలకు పైగా ఫైబర్ గ్లాస్ ఆవులు నిలబెట్టారు, ఒక్కోదాన్ని ఒక్కో చిత్రకారుడు రంగులతో అలంకరించాడు. తర్వాత చారిటీ కోసం వాటిలో కొన్నిటిని ఆన్‌లైన్‌లో, కొన్నిటిని ఎదురెదురుగా వేలం వేశారు. ఏదో నాలుగు వేల డాలర్లు వస్తే గొప్పే అనుకున్న ఆవులు సగటున పాతిక వేల దగ్గరికి వెళ్లాయి. ఒకటైతే లక్షా పది వేలు. మొత్తం ముప్పై అయిదు లక్షల డాలర్ల దాకా పోగైంది. ఇదేమిట్రా అని జిలియన్ కూ, దీపక్ మల్హోత్రా, కీత్ మర్నిఘన్ అనే ముగ్గురు పరిశోధకులు పాడినవాళ్లను పట్టుకుని ప్రశ్నలు వేశారు. ముందే హద్దు పెట్టుకుని కూడా దాటేసినవాళ్లు చాలామంది. పోటీలో జనం తగ్గి ఒకరిద్దరే మిగిలినప్పుడు, గడువు ముంచుకొచ్చినప్పుడు ఆ కాక పెరుగుతుందని వాళ్లు 2005లో తేల్చారు. ఎంతమంది పోటీ అన్నది ముఖ్యం కాదు, ఎదురుగా ఒక్కడు చాలు.

బాలాపూర్‌లో చివరి వెయ్యి

హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2023లో 27 లక్షలు, 2024లో 30 లక్షల ఒక వెయ్యి, 2025లో 35 లక్షలు. వచ్చిన సొమ్ము గుడికి, ఊరి పనులకు వాడతారు. ఇక్కడ ఆన్‌లైన్ లేదు, చుక్కల పేర్లు లేవు. పాడేవాడి ముఖం, వాడి బావమరిది ముఖం, టీవీ కెమెరా అన్నీ ఒకే చోట. 2024లో పాడదలచినవాళ్లు నిరుటి ధర ముందే డిపాజిట్ చేయాలని ఉత్సవ సమితి షరతు పెట్టింది. బఫెట్ వేలానికి ముందే స్తోమత చూపించమన్నట్టే ఇదీ. 30 లక్షల మీద ఆ వెయ్యి మాత్రం యంత్రం వేసింది కాదు. అది మనవాళ్ల మర్యాదే.

బల్లెం ధర

ప్రధానికి వచ్చిన కానుకలను కేంద్ర సాంస్కృతిక శాఖ ఆన్‌లైన్‌లో వేలం వేస్తుంది, ఆ సొమ్ము గంగా ప్రక్షాళనకు. 2021 సెప్టెంబర్ 17 నుంచి అక్టోబర్ 7 దాకా జరిగిన వేలంలో టోక్యో ఒలింపిక్స్ వీరుల వస్తువులు చేరాయి. నీరజ్ చోప్రా బల్లెం కనీస ధర కోటి రూపాయలు, మన పీవీ సింధు రాకెట్‌కు 80 లక్షలు. మొదటి రోజుల్లోనే బల్లెం మీద పది కోట్ల పాట పడిందని పత్రికల్లో వచ్చింది. చివరికి తేలింది కోటిన్నర. పది కోట్లు ఎక్కడికి పోయాయో ఊహించడం కష్టమేమీ కాదు. ఫోను మీద వేలితో కొట్టడానికి ఎంత అంకె అయినా ఒకటే, ముందే సొమ్ము చూపించమన్న బాలాపూర్ పెద్దల షరతు ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. ఆ బల్లెం కొన్నది బీసీసీఐ అని ఏడాది తర్వాత తెలిసింది. ఫెన్సర్ భవానీ దేవి కత్తికి 1.25 కోట్లు, బాక్సర్ లవ్లీనా గ్లవ్స్‌కు 91 లక్షలు. అయితే ఎక్కువమంది పోటీ పడి పాడింది వీటి మీద కాదు. సర్దార్ పటేల్ బొమ్మకు 140 పాటలు, ఓ చెక్క వినాయకుడికి 117 పడ్డాయి. ఆ వినాయకుడి దగ్గర ఆఖర్న ఆగిపోయిన 116వ పాట ఎవరిదో వాళ్లు రాస్తే, వచ్చే ఆదివారం ఉత్తరాల పేజీలో వేసుకుంటాం.